386 రూపాయల డోసు: క్యాంపస్‌లో బూస్టర్ ఎక్కడ ఆగింది?

కర్ణాటకలోని హాసన్ జిల్లాలో నెల రోజుల్లో ఇరవై మందికి పైగా గుండెపోటుతో చనిపోయారని, కొవిడ్ టీకాను హడావుడిగా అనుమతించడం కూడా ఒక కారణం కావచ్చని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య 2025 జులై 1న అన్నారు. కేంద్ర ఆరోగ్య శాఖ మర్నాడే ఖండించింది. ఆ ఖండన చేరేలోపే హైదరాబాద్ హాస్టళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పాత వాదన మళ్లీ రాజుకుంది. ఈసారి ఎక్కువగా వినిపిస్తున్న మాట: "మూడోది వేసుకోలేదు కాబట్టి బతికిపోయాం."

ఈ మాట అంటున్న వాళ్లలో కొందరు నాకు తెలుసు. 2022లో వాళ్లెవరూ భయపడి బూస్టర్ మానుకోలేదు. మరి ఎందుకు వేసుకోలేదు? లాక్‌డౌన్, రెండో వేవ్, ఆక్సిజన్ సిలిండర్ల కథ అందరికీ తెలిసిందే, అక్కడికి వెళ్లను. నేరుగా 2022 ఏప్రిల్ 10కి వస్తాను.

ఆ రోజు నుంచి 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు ప్రికాషన్ డోసు మొదలైంది. బూస్టర్ అనే మాటను కేంద్రం అప్పటికే పక్కన పెట్టింది, పత్రికలు 'ముందు జాగ్రత్త డోసు' అని రాశాయి. కానీ ఈ ముందు జాగ్రత్త ప్రైవేటు ఆసుపత్రుల్లో మాత్రమే, అదీ డబ్బు కడితేనే. మొదలవడానికి ఒక్క రోజు ముందు కొవిషీల్డ్ ధర 600 నుంచి, కొవాగ్జిన్ ధర 1,200 నుంచి 225కు తగ్గాయి. దాని మీద 5 శాతం జీఎస్టీ, ఆసుపత్రి సేవా రుసుము 150 వరకు. మొత్తం 386 రూపాయలు.

386 పెద్ద మొత్తమా అని టీవీ చర్చల్లో అడిగారు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) పాసవని పీహెచ్‌డీ విద్యార్థికి అప్పట్లో వచ్చే ఫెలోషిప్ నెలకు 8,000. అదీ నెలనెలా సరిగ్గా పడితే. మెస్ డ్యూస్ కట్టడానికి స్నేహితుడి ఫోన్‌పే వైపు చూసే వాడికి 386 అంటే లెక్కే. అయినా అసలు సమస్య మొత్తం కాదు. తొలి రెండు డోసులూ 2021 జూన్ 21 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చారు, అవి వేసుకోవడం దేశం పట్ల బాధ్యత అన్నారు. మూడోది వచ్చేసరికి రేటు కార్డు పెట్టారు. ప్రభుత్వం డబ్బు పెట్టడం లేదంటే అంత అవసరం లేదన్నమాట అని హాస్టల్ కుర్రాడు అర్థం చేసుకున్నాడు. పైగా విపత్తు నిర్వహణ చట్టం కింద విధించిన ఆంక్షలను కేంద్రం మార్చి 31తో ఎత్తేసి అప్పటికి పది రోజులే. ఒక చేత్తో ఆపద పోయిందని చెప్పి, ఇంకో చేత్తో డబ్బు కట్టి సూది వేయించుకోమంటే ఎవరు కదులుతారు?

ఒకే డిపార్ట్‌మెంట్‌లో రెండు రేట్లు. అరవై దాటిన ప్రొఫెసర్‌కు అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఉచితం. ఆయన గది ఊడ్చే, నలభై ఏళ్ల ఔట్‌సోర్సింగ్ మనిషికి 386. ఢిల్లీ ప్రభుత్వం ఏప్రిల్‌లోనే తన కేంద్రాల్లో అందరికీ ఉచితం చేసింది కాబట్టి అక్కడి విద్యార్థులకు ఈ బాధ తప్పింది.

ఇంకో లెక్క ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండో డోసుకూ మూడో డోసుకూ మధ్య తొమ్మిది నెలలు ఉండాలన్నారు. ఉచిత టీకా మొదలైన రోజే కొవిషీల్డ్ మొదటి డోసు వేసుకున్న విద్యార్థికి 84 రోజుల తర్వాత, అంటే సెప్టెంబర్ 13న రెండోది. తొమ్మిది నెలలు కలిపితే 2022 జూన్ 13. అంటే ఏప్రిల్ 10న అంత ఆర్భాటంగా తలుపులు తెరిస్తే, చాలామంది విద్యార్థులకు టీకా నమోదు పోర్టల్ కోవిన్‌లో ఇంకా డ్యూ డేటే రాలేదు. వచ్చే వేళకు వేసవి సెలవులు, ఊళ్లకు ప్రయాణాలు. మధ్యలో జనవరిలో ఒమిక్రాన్ హాస్టళ్లను చుట్టేసి వెళ్లింది. తెలంగాణలో సంక్రాంతి సెలవులను నెలాఖరు దాకా పొడిగించింది అప్పుడే. "రెండు డోసులయ్యాయి, జ్వరం కూడా వచ్చిపోయింది, ఇంకా ఎందుకు" అన్నది అజ్ఞానం కాదు. యువతకు బూస్టర్ వల్ల అదనంగా ఎంత మేలు అన్నది అప్పటికి డాక్టర్లే వాదించుకుంటున్న ప్రశ్న.

మా పాత క్యాంపస్ హాస్టల్ ఒకదానిలో జూన్ చివర జరిగింది చెబుతాను. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి ఫోన్ చేస్తే, కొవిషీల్డ్ వయల్‌లో పది డోసులుంటాయి, తెరిచాక కొన్ని గంటల్లో వాడెయ్యాలి, పది మంది అయితేనే రండి అన్నారు. ఒక రీసెర్చ్ స్కాలర్ గ్రూపు పెట్టి పేర్లు రాయించాడు. శుక్రవారానికి తొమ్మిది పేర్లయ్యాయి. శనివారం పొద్దున గేటు దగ్గరికి వచ్చింది ఆరుగురు. ఇద్దరు ఫోన్ ఎత్తలేదు, ఒకడికి గైడ్‌తో మీటింగ్. ఆరుగురూ టీ తాగి వెనక్కి వెళ్లారు. ఆ గ్రూపు ఇప్పటికీ ఉంది, పేరు మార్చి ఐపీఎల్ కోసం వాడుకుంటున్నారు.

ఆ నెలల్లో పట్టుబట్టి మూడో డోసు వేయించుకున్నది ఒక్క వర్గమే: చేతిలో ఐ-20 (అమెరికా విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం) ఉన్నవాళ్లు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు 2021-22 చలికాలం నుంచే బూస్టర్ తప్పనిసరి చేశాయి. విదేశాలకు వెళ్లేవాళ్లు తొమ్మిది నెలలు ఆగకుండా తొంభై రోజులకే వేసుకోవచ్చని కేంద్రం మే నెలలో వెసులుబాటు ఇచ్చింది. దీని వెనుక ఒక పాత చేదు అనుభవం కూడా ఉంది. 2021 ఆగస్టులో వెళ్లిన మన పిల్లల్లో కొవాగ్జిన్ వేసుకున్నవాళ్లు అక్కడ దిగాక మళ్లీ మొదటి నుంచి వేరే టీకా వేసుకోవాల్సి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవాగ్జిన్‌ను గుర్తించింది ఆ ఏడాది నవంబర్ 3న. దాంతో క్యాంపస్ దృష్టిలో బూస్టర్ ఆరోగ్యానికి సంబంధించింది కాకుండా పోయి, ట్రాన్‌స్క్రిప్టుల పక్కన పెట్టుకునే మరో సర్టిఫికెట్ అయిపోయింది.

న్యాయస్థానం పాత్ర కూడా ఉంది. టీకా తప్పనిసరి నిబంధనలను సవాలు చేసిన జాకబ్ పులియెల్ కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టు ఎవరినీ బలవంతంగా టీకా వేసుకోమనలేరని చెప్పింది. కేసుల తీవ్రత తక్కువగా ఉన్నంత కాలం, టీకా వేసుకోనివాళ్ల మీద పెట్టిన ఆంక్షలను విద్యాసంస్థలు సహా అందరూ సమీక్షించుకోవాలని సూచించింది. తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మన చీరాలకు చెందిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు. టీకా విధానం అసమంజసం కాదని కూడా అదే తీర్పు అంది, ఆ ముక్క మాత్రం ఫార్వర్డుల్లో రాలేదు.

ఇక ప్రభుత్వం వైపు మాట. జనంలో అలసత్వం వచ్చిందని అధికారులు అన్నారు. జనం విసిగిపోయారని కొవిషీల్డ్ తయారు చేసే సీరం సంస్థ అధినేత అదర్ పూనావాలా ఆ అక్టోబర్‌లో అన్నారు, పది కోట్ల డోసుల గడువు ముగిసిపోయిందని కూడా చెప్పారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఈ అంకెలు చూడండి. 2022 జులై మధ్యకు 18-59 వయసులోని 77 కోట్ల మందిలో మూడో డోసు వేసుకున్నది ఒక్క శాతం కన్నా తక్కువ. ఉచితంగా ఇచ్చిన పెద్దలు, ఆరోగ్య, ఫ్రంట్‌లైన్ సిబ్బందిలో 26 శాతం. వాళ్లకు మూడు నెలలు ముందే మొదలైంది, భయమూ ఎక్కువే, ఒప్పుకుంటాను. అయినా అంత తేడానా? జులై 6న వ్యవధిని ఆరు నెలలకు తగ్గించారు, అదే నెల 15వ తేదీ నుంచి 75 రోజుల పాటు అందరికీ ఉచితం అన్నారు. ఆ 75 రోజుల్లో 15 కోట్లకు పైగా డోసులు పడ్డాయి. విసిగిపోయిన జనమే అంతమంది వచ్చారన్నమాట. ఆ తర్వాత మళ్లీ మందగించింది. డిసెంబర్‌లో నీతి ఆయోగ్ సభ్యుడు వీకే పాల్ చెప్పిన లెక్క ప్రకారం అర్హుల్లో 27-28 శాతమే వేసుకున్నారు.

అదే డిసెంబర్‌లో చైనాలో కొవిడ్ పెరిగిందన్న వార్తలకు జనం మళ్లీ బూస్టర్ కోసం వస్తే తెలంగాణలో స్టాకు లేదు. టీకా కంపెనీలు కొలువైన జీనోమ్ వ్యాలీ ఉన్న ఊళ్లో! చివరికి 2023 ఏప్రిల్‌లో రాష్ట్రమే బయోలాజికల్-ఇ నుంచి ఐదు లక్షల కార్బెవ్యాక్స్ డోసులు తెప్పించింది. అప్పటికి క్యాంపస్‌లో పరీక్షల కాలం, ఆ సంగతి అడిగిన వాళ్లు లేరు.

భయం వచ్చింది ఆ తర్వాతే, అదీ అరువు భయం. యువకుల్లో గుండె కండరాల వాపు అరుదుగా కనిపించింది ప్రధానంగా ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో. ఇక్కడ జనం వేసుకున్న కొవిషీల్డ్, కొవాగ్జిన్ ఆ రకం కావు. కొవిషీల్డ్‌కు సంబంధించిన అరుదైన సమస్య రక్తం గడ్డకట్టడం, ఆ టీకాను రూపొందించిన ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టు పత్రాల్లో ఒప్పుకున్నట్టు 2024లో వార్తలొచ్చింది దాని గురించే. అదే ఏడాది బనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొవాగ్జిన్ మీద రాసిన పత్రాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తప్పుపట్టింది, తర్వాత జర్నల్ ఉపసంహరించుకుంది. ఆకస్మిక మరణాల మీద ఐసీఎంఆర్ 47 ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం టీకా ముప్పు పెంచలేదని తేల్చింది. కుటుంబంలో అలాంటి మరణాల చరిత్ర, కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, చావుకు ముందు రెండు రోజుల్లో మితిమీరి తాగడం, తీవ్రమైన శ్రమ ముప్పు పెంచాయని అంది. అమెరికాలో ఉన్న అన్న పంపిన వీడియోలో ఏ టీకా గురించి చెబుతున్నారో ఇక్కడి తమ్ముడు చూడడు.

మొన్న ఆ ఐపీఎల్ గ్రూపులో ఒకతను రాశాడు: "అన్నా, అప్పుడే మనకు డౌట్ వచ్చింది కదా, మంచి పని చేశాం." కింద పద్నాలుగు బొటనవేళ్లు. గ్రూపు పెట్టిన స్కాలర్ ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. ఆయన రెండు గంటల తర్వాత జవాబిచ్చాడు: "డౌట్ కాదురా. నువ్వు ఆ రోజు ఫోన్ ఎత్తలేదు."