సగం ఖాళీగా ఉండే బండ

తిరుపతిలో కుండల పని నేర్చుకుంటున్న ఒక పాఠకురాలు అడిగారు: "పలమనేరు బంకమట్టి మరీ జావగా ఉంటే మా స్టూడియోలో తెల్లటి ప్లాస్టరు బండ మీద పరుస్తారు. కాసేపటికే పిసకడానికి వస్తుంది. చిత్తూరు వైపు గ్రానైటుకు కొదవ లేదు కదా, అది ఎందుకు పనికిరాదు?"

గ్రానైటులో నీళ్ళు దూరే సందు లేదు. ప్లాస్టరు బండలో సగం ఖాళీయే. ఆ ఖాళీని మనమే బకెట్లో కొలిచి పోస్తాం, నాకు భలే నచ్చేది అదే.

జిప్సం అనే ఖనిజాన్ని వేడిచేసి, దాని స్ఫటికాల్లో ఇమిడిన నీటిని ముప్పావు వంతు పోగొడితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ఈ పొడి నీళ్ళలో కొద్దిగా కరుగుతుంది. కరిగినది నీళ్ళతో కలిసి మళ్ళీ జిప్సం అవుతుంది. జిప్సం అయితే అంతకంటే చాలా తక్కువ కరుగుతుంది గనక, అదంతా నీళ్ళలో ఇమడలేక సన్నటి సూది స్ఫటికాలై బయటపడుతుంది. అవి చేను చుట్టూ వేసిన తుమ్మకంపలా అల్లుకుంటాయి. కంపను లాగితే రాదు, కానీ గాలీ నీళ్ళూ హాయిగా దూరిపోతాయి. కంప పలచనైతే ఖాళీ ఎక్కువ, బలం తక్కువ. అల్లుకునేటప్పుడు కెలికితే ముళ్ళు విరిగి బండ పొడిపొడిగా రాలుతుంది.

ఇక లెక్క. 100 కిలోల పొడి మళ్ళీ జిప్సం కావడానికి 18.6 లీటర్ల నీళ్ళు చాలు. కుండల పనిలో 70 దాకా పోస్తారు. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 5 మందం ఉన్న బండకు పన్నెండున్నర కిలోల పొడి, ఎనిమిది ముప్పావు లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో ఆరు లీటర్ల పైచిలుకు ఆరిపోయి, తన చోటు ఖాళీ చేసి పోతుంది. ఆ సన్నటి సందులే తర్వాత తడిమట్టిలోని నీళ్ళను లాగుతాయి. పదో తరగతిలో సమీకరణం బట్టీ పట్టించే బదులు పిల్లల్ని ఒక్కసారి ఈ బకెట్ దగ్గర నిలబెడితే ఎంత బావుంటుంది!

నీళ్ళలో పొడి జల్లాలి, పొడిలో నీళ్ళు పోయకూడదు. రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, బుడగలు రాకుండా అడుగునుంచి కలిపి, మీగడలా చిక్కబడే వేళకు అచ్చులో పోయాలి. చేత్తో కలిపితే గ్లవుజులు తప్పనిసరి. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఇదే ప్లాస్టరుతో పిండికట్టు వేయించుకున్నవాళ్ళు కట్టు వెచ్చబడిందంటే, ఇంట్లోవాళ్ళు "ఒంట్లో వేడి, మజ్జిగ తాగు" అంటారు. మజ్జిగ మంచిదే, కానీ ఆ వేడి స్ఫటికాలది.

బండను నీడలో గాలి తగిలేలా ఆరబెట్టండి. త్వరగా కావాలని పొయ్యి దగ్గర పెడితే జిప్సం మళ్ళీ నీళ్ళు వదిలి పొడిబారుతుంది. బకెట్లో మిగిలినది సింకులో పోయొద్దు, పైపులో కూడా అలాగే గడ్డకడుతుంది.