ఈ నెల ప్రయాణికులు నిజంగా పెరిగారా?

ఒకావిడ ల్యుబ్ల్యానాలో విమానం ఎక్కి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, రెండు గంటలు కూర్చుని, ఇంకో విమానంలో అంటాల్యా చేరిందనుకుందాం. మనిషి ఒక్కరే, ప్రయాణమూ ఒక్కటే. కానీ విమానాశ్రయాల లెక్కల్లో ఆవిడ నాలుగుసార్లు పడుతుంది. ల్యుబ్ల్యానాలో ఎక్కినందుకు ఒకసారి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగినందుకు ఒకసారి, అక్కడే మళ్లీ ఎక్కినందుకు ఇంకోసారి, అంటాల్యాలో దిగినందుకు మరోసారి. ఈ మూడు ఎయిర్‌పోర్టుల నిర్వహణలోనూ ఫ్రాపోర్ట్ అనే జర్మన్ సంస్థకు చేయి ఉంది. లిమా, బ్రెజిల్‌లోని ఫోర్టలేజా, పోర్టో అలెగ్రే, బల్గేరియాలోని వార్నా, బుర్గాస్, గ్రీస్‌లోని 14 ప్రాంతీయ విమానాశ్రయాలు కూడా ఆ సంస్థ జాబితాలోవే. ఇలాంటి సంస్థలు నెలనెలా ఒక పట్టిక విడుదల చేస్తాయి: ఫలానా నెలలో ఇంతమంది ప్రయాణికులు, గత ఏడాది ఇదే నెలతో పోలిస్తే ఇంత శాతం ఎక్కువ, లేదా తక్కువ. వార్తల్లోకి వచ్చేది ఆ శాతం ఒక్కటే. ఆ చిన్న అంకెను సరిగ్గా చదవాలంటే దాని వెనక ఏమేం కలిశాయో తెలియాలి.

మొదటి సంగతి ఆ లెక్క పద్ధతే. విమానాశ్రయం లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, ఎక్కడాలనూ దిగడాలనూ. విమానం మారేవాళ్లు రెండుసార్లు లెక్కకు వస్తారు. దిగకుండా అదే విమానంలో ముందుకు సాగిపోయే ట్రాన్సిట్ ప్రయాణికుల్ని మాత్రం ఒక్కసారే లెక్కిస్తారు. 2019లో ప్రపంచవ్యాప్తంగా విమాన ప్రయాణికులు సుమారు 450 కోట్లని విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ చెప్పింది. విమానాశ్రయాల మండలి ఏసీఐ అదే ఏడాదికి 900 కోట్లకు పైగా చూపించింది. ఇద్దరిలో ఎవరి లెక్కా తప్పు కాదు. ప్రతి విమాన ప్రయాణానికీ ఎక్కే చోటు ఒకటి, దిగే చోటు ఒకటి ఉంటాయి కాబట్టి రెండో అంకె మొదటిదానికి దాదాపు రెట్టింపు అవుతుంది. చాలామంది విమానం మారడానికే దిగే పెద్ద హబ్ విమానాశ్రయంలో ఒక్క కనెక్టింగ్ రూటు రద్దయినా అంకె ఒక్కసారిగా పడిపోతుంది. ఆ ఊరికి వచ్చేపోయేవాళ్ల సంఖ్యలో ఏ మార్పూ లేకపోయినా సరే.

రెండోది క్యాలెండర్. దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే అందరూ ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

2024 ఫిబ్రవరికి 29 రోజులు. రోజుకు వచ్చే ప్రయాణికుల సంఖ్య ఏమాత్రం మారకపోయినా, 2023 ఫిబ్రవరితో పోలిస్తే ఆ నెలలో 3.6 శాతం పెరుగుదల కనిపించాలి. ఒక రోజు ఎక్కువ ఉంది, అంతే. మరుసటి ఏడాది ఫిబ్రవరి మళ్లీ 28 రోజులకు వచ్చేసరికి అదే లెక్క తిరగబడి 3.4 శాతం తగ్గుదలగా కనిపిస్తుంది. మూడు, నాలుగు శాతం అంటే ఈ రంగంలో చిన్న అంకె కాదు. ఎన్నో విమానాశ్రయాలు ఏడాదంతా కష్టపడితే వచ్చే వృద్ధి అంతే ఉంటుంది.

ఆ తర్వాతి నెల సంగతి ఇంకా విచిత్రం. 2024 మార్చి శుక్రవారం మొదలై ఆదివారం ముగిసింది. అంటే ఐదు శుక్రవారాలు, ఐదు శనివారాలు, ఐదు ఆదివారాలు. విహారయాత్రలకు వెళ్లేవాళ్లు ఎక్కువగా కదిలే రోజులన్నీ ఆ నెలకే పడ్డాయి. పైగా ఈస్టర్ సరిగ్గా మార్చి 31న వచ్చింది, కాబట్టి సెలవులకు బయలుదేరిన జనమంతా మార్చి ఖాతాలో చేరారు. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న. అందుకే యూరప్ విమానాశ్రయాల 2025 ఫిబ్రవరి, మార్చి అంకెల్ని అంతకు ముందు ఏడాది పక్కన పెట్టి చూసేవాళ్లు ముందుగా రెండు దెబ్బలు లెక్కలోంచి తీసేయాలి. ఒక రోజు పోయింది, ఒక పండుగ పక్క నెలకు జరిగింది. అవి తీసేశాక మిగిలిందే అసలు కదలిక.

ఈస్టర్ కనీసం మార్చి, ఏప్రిల్ నెలల మధ్యే ఊగుతుంది. చైనా కొత్త సంవత్సరం జనవరి, ఫిబ్రవరి మధ్య తిరుగుతుంది: 2023లో జనవరి 22, 2024లో ఫిబ్రవరి 10, 2025లో జనవరి 29. రంజాన్, హజ్ మాత్రం ఏటా దాదాపు 11 రోజులు ముందుగానే వస్తూ, సుమారు 33 ఏళ్లలో క్యాలెండర్ అంతా చుట్టి వస్తాయి. గల్ఫ్ విమానాశ్రయాల లెక్కలు చూసేవాళ్లకు గత ఏడాది ఇదే నెల అనే మాట ఎప్పుడూ పూర్తిగా నమ్మదగ్గది కాదు.

పండుగల ఈ కదలిక ఎంత బలమైనదో చూడాలంటే ఒక పాత పట్టిక ఉంది. 1949 జనవరి నుంచి 1960 డిసెంబర్ వరకు అంతర్జాతీయ విమాన ప్రయాణికుల నెలవారీ సంఖ్యలు, మొత్తం 144 అంకెలు. గణాంక శాస్త్రవేత్తలు జార్జ్ బాక్స్, గ్విలిమ్ జెంకిన్స్ 1970లో దీన్ని వాడి తమ అంచనా పద్ధతిని వివరించారు. అప్పటినుంచి కాలక్రమ గణాంకాలు నేర్చుకునే దాదాపు ప్రతి విద్యార్థీ ఈ అంకెల్ని ఒక్కసారైనా గ్రాఫ్ గీసే ఉంటాడు. అందులో 1959 మార్చి 406 వేలు, 1960 మార్చి 419 వేలు. వృద్ధి 3.2 శాతం. ఇది చూసినవాళ్లు జోరు తగ్గిందని అనుకుంటారు. తర్వాతి నెల చూడండి. 1959 ఏప్రిల్ 396 వేలు, 1960 ఏప్రిల్ 461 వేలు. 16.4 శాతం! నెల రోజుల్లో లోకం ఏమీ మారిపోలేదు. 1959లో ఈస్టర్ మార్చి 29న వచ్చింది, 1960లో ఏప్రిల్ 17న. రెండు నెలల్నీ కలిపి చూస్తే 802 వేల నుంచి 880 వేలకు, అంటే 9.7 శాతం పెరుగుదల. 1960 మొత్తం ఏడాది వృద్ధి 11.2 శాతం. విడివిడిగా చూస్తే పొంతన లేని రెండు అంకెలు, కలిపితే ఏడాది నడకకు దగ్గరగా వచ్చి కూర్చున్నాయి. అరవై ఏళ్లు దాటిన ఆ కాగితంలో ఒక పండుగ కదిలిన గుర్తు అలా కనిపిస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ పట్టికలోనే ఇంకో పాఠం ఉంది. 1950 అక్టోబర్‌లో 133 వేలు, నవంబర్‌లో 114 వేలు. ఒక్క నెలలో 14 శాతం పడిపోయింది. కంగారు పడాలా? అక్కర్లేదు. 1949 నవంబర్‌లో 104 వేలే. ఏటా నవంబర్ అలాగే కుంగుతుంది. ఏడాది క్రితంతో పోలిస్తే నిజానికి దాదాపు 10 శాతం పెరుగుదల. నిర్వహణ సంస్థలు ఒక నెలను దాని ముందు నెలతో కాకుండా, గత ఏడాది అదే నెలతో పోల్చడానికి కారణం ఇదే. సీజన్ అలను తీసేయడానికి అంతకన్నా తేలికైన ఉపాయం లేదు.

ఆ అల ఎంత ఎత్తు ఉంటుందన్నది మరో ప్రశ్న. 1949లో అతి రద్దీ నెలకూ అతి పలచని నెలకూ తేడా 44 వేలు. 1960లో ఆ తేడా 232 వేలు. అల ఐదింతలకు పైగా పెరిగిందనిపిస్తుంది. కానీ మొత్తం రద్దీయే దాదాపు నాలుగింతలైంది కదా. అందుకని ప్రతి నెలనూ ఆ ఏడాది నెలసరి సగటుతో భాగించి చూడాలి. 1949 నవంబర్ సగటులో 82 శాతం. 1960 నవంబర్? అదీ 82 శాతమే. పదకొండేళ్లలో రాకపోకలు అంత పెరిగినా నవంబర్ తన స్థానం నుంచి కదల్లేదు. జూలై మాత్రం 117 శాతం నుంచి 131 శాతానికి ఎగబాకింది. అంటే సీజన్ అనేది రద్దీ మీద కలిపే అంకె కాదు, రద్దీని గుణించే అంకె. దానికి తోడు వేసవి సెలవుల ప్రయాణాలు మిగతావాటికన్నా వేగంగా పెరిగాయి. ఈ గుణకారాన్ని కూడికగా మార్చడానికే గణాంక శాస్త్రజ్ఞులు ముందుగా అంకెలకు లాగరిథమ్ తీస్తారు.

ఒకే సంస్థ చేతిలో చాలా విమానాశ్రయాలు ఉంటే ఈ అలలు ఒకదాన్నొకటి కొంత సర్దుకుంటాయి. గ్రీకు దీవుల్లో జూలై, ఆగస్టు కిటకిటలాడతాయి, జనవరిలో హాళ్లు బోసిపోతాయి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న బ్రెజిల్‌లో డిసెంబర్, జనవరి వేసవి సెలవులు. ఉత్తరాన అల దిగేటప్పుడు దక్షిణాన లేస్తుంది. పూర్తిగా సమం కాదు గానీ, ఆదాయం ఏడాదంతా కొంత నిలకడగా ఉంటుంది. అన్ని విమానాశ్రయాల మొత్తాన్ని మాత్రమే చూస్తే ఈ రెండు అలలూ కనబడవు. అందుకే నేను పట్టిక చివరి వరస కన్నా లోపలి వరసలే ముందు చదువుతాను.

లండన్ హీత్రూ లాంటి చోట అలకే పైకప్పు ఉంది. రన్‌వేలు రెండే, ఏడాదికి 4,80,000 విమానాల పరిమితి. అక్కడ విమానాల సంఖ్య ఇక పెద్దగా పెరగదు. 2024లో 8.39 కోట్ల మంది ప్రయాణించారంటే, సగటున విమానానికి 170 మందికి పైనే. ఇకముందు నెలవారీ అంకె పెరగాలంటే పెద్ద విమానాలు రావాలి, లేదా ఖాళీ సీట్లు నిండాలి. వేసవి నెలల్లో సీట్లు ముందే నిండిపోతాయి కాబట్టి, పెరుగుదలకు చోటు మిగిలేది చలికాలపు నెలల్లోనే.

శాతాల గురించి ఒక్కమాట చెప్పాలి, ఎందుకంటే 2020 తర్వాత వాటిని చదవడంలో జరిగినంత గందరగోళం అంతకుముందు లేదు. 2019లో ఫ్రాంక్‌ఫర్ట్ 7.05 కోట్ల మందిని చూసింది. 2020 ఏప్రిల్‌లో అక్కడ ప్రయాణించినవాళ్లు 1.88 లక్షల మంది. 96.9 శాతం పతనం. అంతటి పతనం తర్వాత వచ్చే పెరుగుదల శాతాలకు అర్థమే ఉండదు. వందమంది ఉన్నచోట ఐదుగురు మిగిలారనుకోండి, తగ్గుదల 95 శాతం. ఆ ఐదుగురు 55 మంది అయితే పెరుగుదల 1,000 శాతం. వెయ్యి శాతం పెరిగీ ఇంకా సగానికి కాస్త పైనే ఉన్నాం. అందుకే 2021 నుంచి రెండు మూడేళ్ల పాటు చాలా సంస్థలు గత ఏడాదిని పక్కనపెట్టి 2019తో పోల్చాయి. ర్యాంకులదీ అదే కథ. 2020లో ప్రపంచంలో అత్యంత రద్దీ విమానాశ్రయం చైనాలోని గ్వాంగ్జౌ, 4.38 కోట్ల మందితో. అది మొదటి స్థానానికి ఎగబాకింది తన రద్దీ పెరిగి కాదు. దానిదీ తగ్గింది. కాకపోతే ఎప్పుడూ ముందుండే అట్లాంటా 11 కోట్ల నుంచి 4.29 కోట్లకు పడిపోయింది.

ఇంతకీ ఈ నెలవారీ లెక్క ఎవరికి కావాలి? మదుపరులకు, సరే. కానీ నా దృష్టిలో దీని అసలు ఉపయోగం గోడలు కట్టేవాళ్లకు, క్యూలు నడిపేవాళ్లకు. ఏడాదికి 3 కోట్ల మంది వచ్చే టెర్మినల్‌ను ఊహించుకోండి. ఏడాదిలో 8,760 గంటలు. అందరూ సమానంగా వస్తే గంటకు 3,425 మంది. కానీ అలా ఎవరూ రారు. వేసవి నెల, వారాంతం, ఉదయపు రద్దీ, మూడూ ఒకేచోట కలుస్తాయి. ఇంత పెద్ద విమానాశ్రయంలో రద్దీ గంటకు వార్షిక సంఖ్యలో 0.035 శాతం వేసుకోమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వాడే సూత్రం చెబుతుంది. అంటే 10,500 మంది. సగటుకు మూడింతలు. సెక్యూరిటీ లైన్లు, టాయిలెట్లు, బ్యాగేజీ బెల్టులు, కూర్చునే కుర్చీలు ఈ అంకెను బట్టే లెక్కవేస్తారు.

అయితే ఏడాదిలోకెల్లా అతి రద్దీ గంటకు కూడా కట్టరు. గంటలన్నింటినీ రద్దీ క్రమంలో పేర్చి, 30వ గంటను కొలతగా తీసుకోవడం ఒక పాత పద్ధతి. దానికన్నా రద్దీగా ఉండే 29 గంటల్లో జనం కాస్త ఇబ్బంది పడతారని ముందే ఒప్పుకున్నట్టు. పసిపిల్లను ఎత్తుకుని గంటసేపు నిలబడిన తల్లికి తాను ఆ 29 గంటల్లో ఒకదానిలో ఉన్నానని తెలియదు. ఆ గంటలు ఏ నెలలో పడతాయో, వాటిని ఎలా పలచన చేయాలో తెలుసుకోవడానికే నెలవారీ లెక్కల్ని ఇంత ఓపిగ్గా పట్టి చూడాలని నా నమ్మకం.

ఏ సూత్రానికీ లొంగని నెలలూ ఉంటాయి. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో ఐయాఫ్యాట్లాయోకుట్ల్ అగ్నిపర్వతం చిమ్మిన బూడిద వల్ల ఉత్తర, పశ్చిమ యూరప్ ఆకాశం దాదాపు వారం రోజులు మూతపడింది. 2011 ఏప్రిల్‌లో కనిపించిన భారీ వృద్ధిలో చాలా భాగం ఆ పోయిన రోజుల నీడే. 2025 మార్చి 21న దగ్గర్లోని విద్యుత్ సబ్‌స్టేషన్‌లో మంటలు చెలరేగి హీత్రూ మూతపడింది. రెండు లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. ఆ నెల మొత్తంలో అది మూడు శాతం దగ్గరి లోటు, ఒక లీపు రోజు చేసే తేడా అంత.

పోర్టో అలెగ్రేది ఇంకా పెద్ద దెబ్బ. 2024 మే 3న వరదలతో విమానాశ్రయం మూతపడింది. రన్‌వే నీళ్లలో మునిగింది. మళ్లీ విమానాలు దిగింది అక్టోబర్ 21న. ఆ అక్టోబర్‌లో రన్‌వే పనిచేసింది పదకొండు రోజులే, అదీ పరిమితంగా. 2025 అక్టోబర్ అంకెను దాని పక్కన పెడితే వచ్చే శాతం చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. దానికి సరైన జోడీ మాత్రం ఇంకో ఏడాది వెనక్కి, నీళ్లు రాకముందున్న 2023 అక్టోబర్.