గురక ఆగిన 10 సెకన్లు

అమ్ములూ, చిన్నోడా,

మీ ఉత్తరం అందింది. "తాతయ్యా, పెదనాన్న 9 గంటలు పడుకుంటాడు, గురక కూడా గట్టిగా పెడతాడు. మరి నాలుగు మెట్లెక్కగానే రైలింగ్ పట్టుకుని ఎందుకు నిలబడిపోతాడు?" అని అడిగారు. మీ వయసులో నాకూ మా నాన్న మీద ఇదే అనుమానం వచ్చింది. అడగడానికి ధైర్యం చాల్లేదు.

చిన్నప్పుడు నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, గొట్టంలా చుట్టి గ్లాసులో నీళ్లు పీల్చేవాణ్ణి. రెండు గుక్కలు బాగానే వచ్చేవి. కాగితం తడిసి మెత్తబడ్డాక మాత్రం, ఎంత గట్టిగా పీలిస్తే అంత గట్టిగా అతుక్కుపోయేది. మన గొంతు వెనక భాగం అలాంటి గొట్టమే. దానికి ఎముకల ఆసరా పెద్దగా లేదు, కండరాలే తెరిచి ఉంచుతాయి. మెలకువలో అది పొడి కాగితం. నిద్రపట్టి కండరాలు సడలాయా, తడి కాగితం. కొంచెం ఇరుకైతే గాలి ఒరుసుకుంటూ పోతుంది, అదే గురక. పూర్తిగా అతుక్కుంటే గురక ఆగిపోతుంది. హమ్మయ్య అనుకోకండి, ఆగింది ఊపిరి కూడా.

అలా 10 సెకన్లు, 20 సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడుతుంది, పెద్ద చప్పుడుతో గాలి లోపలికి వస్తుంది. మనిషికి మాత్రం పొద్దున ఏదీ గుర్తుండదు. దీన్నే స్లీప్ అప్నియా అంటారు. గంటకు 5 సార్లు జరిగితే జబ్బు మొదలైనట్టే, 30 దాటితే తీవ్రమైనట్టు. గంటకు 30 అంటే, రెండు నిమిషాలకోసారి ఎవరో భుజం పట్టి కుదుపుతున్నట్టే. అలాంటి పడక 9 గంటలైనా ఒళ్లు తేలికవుతుందా?

మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. తర్వాత తర్వాత వాకిలి దాటడం మానేశాడు. చదువుతున్న పేపరు ఒళ్లో జారిపోయేది, తల వాలిపోయేది. అందరూ బద్ధకమన్నారు, నేనూ మనసులో అనుకున్నాను. రాత్రి ఆయన గురక ఆగితే పక్కన పడుకున్న నేను కూడా ఊపిరి బిగపట్టేవాణ్ణి, ఆయన మళ్లీ పీల్చేదాకా. అన్నీ విన్నవాణ్ణే, అయినా ఆ రెండిటికీ ముడి ఉందని తోచలేదు. మీరు పెదనాన్నను బద్ధకస్తుడని ఎప్పుడూ అనకండి.

నడక తగ్గితే బరువు పెరుగుతుంది, మెడలో కొవ్వు చేరి గొట్టం ఇంకా ఇరుకవుతుంది. ఇంకో వింత వినండి. రోజంతా కుర్చీలో కూర్చుంటే ఒంట్లోని నీరు కాళ్లలోకి దిగుతుంది. రాత్రి పడుకోగానే అందులో కొంత మెడ వైపు వచ్చి గొంతును నొక్కుతుంది. పగలు కదలని కాళ్లు రాత్రి ఊపిరికి అడ్డం పడతాయని తెలిసిన రోజు, పుస్తకం మూసి చాలాసేపు నా కాళ్లనే చూసుకున్నాను.

లావుపాటివాళ్లకే వస్తుందనీ అనుకోకండి. దవడ చిన్నదైన సన్నవాళ్లకూ, టాన్సిల్స్ పెరిగిన మీలాంటి పిల్లలకూ వస్తుంది.

మళ్లీ కాగితం గొట్టం దగ్గరకే వస్తాను. ఒక చివర నుంచి మెల్లగా ఊదుతూ ఉంటే అది అతుక్కోదు కదా. ఆస్ట్రేలియాలో కొలిన్ సలివన్ అనే డాక్టరు చేసింది అదే. ముక్కుకు మాస్కు తగిలించి, రాత్రంతా గాలి ఊదే యంత్రం గురించి 1981లో లోకానికి చెప్పాడు. దాన్నే సీపాప్ అంటారు. మా నాన్నకు అది అందలేదు. పెదనాన్నకు అందుతుంది.

ఈ రాత్రి ఆయన్ని అడిగి, సెకన్ల ముల్లున్న గడియారం పట్టుకుని కాసేపు పక్కన కూర్చోండి. గురక ఎన్నిసార్లు ఆగింది, ఎన్ని సెకన్లు ఆగింది రాయండి. వెల్లకిలా పడుకున్నప్పటి లెక్క వేరు, పక్కకు తిరిగినప్పటి లెక్క వేరు. ఆ కాగితం పొద్దున్నే పెద్దమ్మ చేతిలో పెట్టండి, డాక్టరుకు చూపిస్తుంది. నాకూ ఒక నకలు పంపండి.

మీ తాతయ్య