బేగంపేట స్టేషన్, ఎంఎంటీఎస్ బండ్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: హైదరాబాద్‌లో బేగంపేట స్టేషన్ మీదుగా వెళ్ళేది 2003లో ఎంఎంటీఎస్ (నగరంలో తిరిగే లోకల్ రైళ్ళు) కోసం వేసిన లైను.

బేగంపేట మీదుగా వెళ్ళే పట్టాల దారి 1874 నాటిది. బొంబాయి నుంచి మద్రాసు వెళ్ళే ప్రధాన మార్గాన్ని వాడి జంక్షన్ దగ్గర అందుకోవడానికి నిజాం ప్రభుత్వ ఖర్చుతో సికింద్రాబాద్ దాకా వేసిన బ్రాడ్ గేజ్ అది. 1930లో నిజాం సర్కారు ఆ రైల్వేను నేరుగా తన చేతిలోకి తీసుకుంది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. ఇప్పుడు ఈ లైనును చూసే దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే కలిసి చేసిందల్లా ఈ పాత దారికే సబర్బన్ హంగులు చేర్చడం: మధ్యలో కొత్త హాల్టులు, ప్లాట్‌ఫారాలు, ఈఎంయూ (కరెంటుతో నడిచే లోకల్) బండ్లు. తనదంటూ వేరే పట్టాలు దానికి దక్కలేదు. కింద చెప్పే సగం ఇబ్బందులకు మూలం అదే.

అపోహ: బేగంపేటలో ఏ బండి ఎక్కినా సిటీకే పోతుంది.

లింగంపల్లి వైపు నుంచి వచ్చే దారి ఈ స్టేషన్ దాటగానే రెండుగా చీలుతుంది. ఒకటి నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి, మరొకటి సంజీవయ్య పార్క్, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్‌కు, అక్కడి నుంచి కాచిగూడ, ఫలక్‌నుమా వైపు. బోర్డు మీద 'హైదరాబాద్' అని ఉంటే అది నాంపల్లి. సికింద్రాబాద్‌లో దిగాల్సినవాళ్ళు 'హైదరాబాదే కదా' అని ఎక్కేసి లక్డీకాపూల్‌లో తేరుకోవడం కొత్తవాళ్ళ విషయంలో రోజూ జరిగేదే.

టైంటేబుల్‌లో బండి పేరు ముందు రెండక్షరాలుంటాయి. ఎల్‌హెచ్ అంటే లింగంపల్లి నుంచి హైదరాబాద్, ఎఫ్‌ఎల్ అంటే ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి. మొదటిది బయల్దేరే చోటు, రెండోది చేరే చోటు. నంబరైతే అయిదంకెలు, 47తో మొదలు. లింగంపల్లి వైపు నుంచి తప్పు బండిలో వస్తున్నామని దారిలో తెలిస్తే బేగంపేటలోనే దిగాలి. రెండు దారులకూ ఉమ్మడిగా ఉన్న ఆఖరి స్టేషన్ ఇదే.

ఇంకో చిక్కు: 2024 మార్చిలో మొదలైన ఘట్‌కేసర్ - లింగంపల్లి సర్వీసు మౌలాలి, సనత్‌నగర్ మీదుగా వెళ్తుంది. అది సికింద్రాబాద్‌నూ తాకదు, బేగంపేటనూ తాకదు. ఇక్కడ ప్లాట్‌ఫారం మీద దానికోసం ఎదురుచూడకండి.

అపోహ: సిబ్బంది నిర్లక్ష్యం వల్లే బండి స్టేషన్ బయట ఊరికే ఆగుతుంది.

పైన చెప్పిన చీలిక దగ్గర వంతెన లేదు, అంతా ఒకే మట్టం. మన దగ్గర జంట లైన్లలో బండి ఎడమ పట్టా మీద నడుస్తుంది. బేగంపేట నుంచి నాంపల్లికి తిరిగే బండి, సికింద్రాబాద్ నుంచి ఎదురుగా వచ్చే పట్టాను అడ్డంగా కోసుకుంటూ వెళ్ళాలి. ఆ పట్టా మీద బండి వస్తున్నంతసేపూ దీనికి సిగ్నల్ పడదు. ఇవ్వాలనుకున్నా ఇంటర్‌లాకింగ్ (సిగ్నళ్ళనూ పట్టాల మలుపులనూ ముడివేసిన రక్షణ ఏర్పాటు) ఒప్పుకోదు. ముందు బండి చివరి పెట్టె కూడా పాయింట్లు (దారి మార్చే కదిలే పట్టాలు) దాటాలి, ఆ ముక్క ఖాళీ అయినట్టు ప్యానెల్ మీద కనిపించాలి, పాయింట్లు తిరిగి లాక్ పడాలి. ఆ తర్వాతే సిగ్నల్.

పన్నెండు పెట్టెల ఈఎంయూ దాదాపు 260 మీటర్లుంటుంది. ఇరవై నాలుగు కొత్తరకం (ఎల్‌హెచ్‌బీ) పెట్టెల ఎక్స్‌ప్రెస్ 560 మీటర్ల పైచిలుకే. వికారాబాద్ వైపు నుంచి ఆలస్యంగా వచ్చిన ఎక్స్‌ప్రెస్ మెల్లగా ఈ మలుపు ఎక్కిందంటే వెనకున్న లోకల్ నిలబడాల్సిందే. నష్టం అక్కడితో ఆగదు. చివరి స్టేషన్ చేరిన అదే రేక్ (పెట్టెల వరస) వెనక్కి తిరిగి ఇంకో సర్వీసుగా రావాలి. ఉదయం పోగొట్టుకున్న పావుగంట మధ్యాహ్నం దాకా వెంటాడుతుంది. అందుకే గోడమీద టైంటేబుల్‌ కంటే 47తో మొదలయ్యే ఆ నంబరుతో ఫోన్లో బండి ఎక్కడుందో చూసి ఇంట్లోంచి బయల్దేరడం తెలివైన పని.

అపోహ: ప్లాట్‌ఫారం ఎక్కాక రైల్వే యాప్‌లో టికెట్ తీసుకోవచ్చు.

ఎక్కువ మంది దొరికిపోయేది ఈ నమ్మకంతోనే. కాగితం లేని టికెట్‌కు జీపీఎస్ హద్దు ఉంది. స్టేషన్‌కూ పట్టాలకూ మరీ దగ్గరగా ఉంటే యాప్ ఒప్పుకోదు, టీసీ కనబడ్డాక కొనకుండా పెట్టిన కట్టడి అది. స్టేషన్‌కు వచ్చేశాక గుర్తొస్తే అక్కడ అంటించిన క్యూఆర్ కోడ్‌ను యాప్‌తో స్కాన్ చేయాలి, లేదా కౌంటర్‌కు వెళ్ళాలి. స్క్రీన్‌షాట్ చెల్లదు, యాప్ తెరిచే చూపించాలి. ఫోన్ చార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క: చార్జీతో పాటు కనీసం 250 రూపాయలు అదనం. కాగితం లేని టికెట్ రద్దు కాదు. ప్రయాణం ఎన్ని గంటల్లోపు మొదలవ్వాలో టికెట్ మీదే రాసి ఉంటుంది. పొద్దున తీసి సాయంత్రం ఎక్కుదామంటే కుదరదు. ప్లాట్‌ఫారం టికెట్‌తో ఒక్క స్టేషన్ దూరం కూడా వెళ్ళకూడదు.

రోజూ తిరిగేవాళ్ళకు సీజన్ టికెట్ చవక. మూడు నెలలదానికి నెల ధరకు 2.7 రెట్లే. యాప్‌లో కొంటే మర్నాటి నుంచే అమల్లోకి వస్తుంది, ఆ రోజుకు విడిగా టికెట్ తీసుకోవాలి.

అపోహ: మెట్రో కార్డు ఇక్కడా పనిచేస్తుంది. పనిచేయదు. బేగంపేట మెట్రో స్టేషన్ దగ్గరే అయినా సంస్థ వేరు, టికెట్ వేరు.

అపోహ: అమృత్ భారత్ (స్టేషన్లను బాగుచేసే రైల్వే పథకం) కింద బాగుచేశారు కాబట్టి ఇక అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగుతాయి.

కొత్త రూపుతో స్టేషన్ 2025 మే 22న ప్రారంభమైంది. కాకతీయుల శిల్పరీతిని ముఖభాగంలో చూపించారు. నిజాం కాలపు దారి మీద కాకతీయ తోరణం, అభిరుచుల మాట అలా ఉంచండి. లిఫ్టులు, ప్రవేశద్వారం, వెయిటింగ్ హాలు ఒక పద్దు. బండి ఆగడం, ఆగకపోవడం మరో పద్దు. ఒక్క హాల్టు పెంచితే వేగం తగ్గడం, ఆగడం, మళ్ళీ అందుకోవడం అన్నీ కలిపి ఆ సెక్షన్‌లో వెనకొచ్చే బండ్ల టైమింగులూ జరుగుతాయి. అసలే ఇరుకైన చీలిక పక్కన అది తేలికగా ఇచ్చే వరం కాదు.

అపోహ: ఎంఎంటీఎస్ ఎక్కితే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగొచ్చు.

2023 ఏప్రిల్ 8న ఫలక్‌నుమా నుంచి పొడిగించింది ఉందానగర్ దాకానే. అది శంషాబాద్ ఊళ్ళో స్టేషన్. టెర్మినల్ అక్కడికి కొన్ని కిలోమీటర్ల అవతల, సామాను దించుకుని ఆటోనో క్యాబో చూసుకోవాలి.

అపోహ: పట్టాల పైనున్న కరెంటు తీగను ముట్టుకుంటేనే షాక్.

అందులో ఉండేది 25 వేల వోల్టులు. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి జరిగితే గాల్లోంచే దూకుతుంది. రెండు మీటర్ల దూరం కనీస నియమం. ఆగి ఉన్న బోగీ పైకప్పు ఎక్కి సెల్ఫీ దిగేవాళ్ళు, వంతెన మీంచి తడి కర్ర చాపేవాళ్ళు కాలేది ఇలాగే. తీగకు పతంగి దారం చిక్కితే లాగకండి, స్టేషన్ మాస్టర్‌కు చెప్పండి. కరెంటు తీయించి, ఎర్తింగ్ వేశాకే సిబ్బంది కూడా దాని జోలికి వెళ్తారు.