అలైన్‌మెంట్ రిపోర్టు పచ్చగా ఉంటే ఛాసీ బాగున్నట్టేనా? పాత స్పోర్ట్స్ కార్ల ఫ్రేమ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

పాత ట్రయంఫో, ఎంజీయో, మన చెన్నైలోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డో కొనబోయేవాళ్లు పంపే మెసేజ్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. "అన్నా, అలైన్‌మెంట్ చూపించాం. రిపోర్టులో అన్నీ పచ్చగానే (హద్దులోనే) ఉన్నాయి. ఛాసీ ఓకే కదా?" కింద కంప్యూటర్ షీటు ఫోటో. గిండీలో తీయించినా, అంబత్తూరులో తీయించినా ఆ షీటుకి ఛాసీ, అంటే బండిని మోసే ఇనుప ఫ్రేమ్, సంగతి తెలియదు.

అపోహ: అలైన్‌మెంట్ కుదిరితే ఫ్రేమ్‌లో వంకర లేనట్టే.

అలైన్‌మెంట్ మిషను చూసేది చక్రాల కోణాలను. ఆ చక్రాలను మోస్తున్న ఇనుము ఎక్కడుందో అది చూడదు. కోణాలు సర్దే ఏర్పాటు కారులోనే ఉంటుంది కాబట్టి వంకరని ఆ సర్దుబాటులోనే దాచేయొచ్చు. హెరాల్డ్, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌లలో ముందు కింది విష్‌బోన్ (చక్రాన్ని ఛాసీకి కలిపే చేయి) బ్రాకెట్లకీ ఛాసీకీ మధ్య షిమ్ములు, అంటే సందు నింపే పలచని రేకు ముక్కలు, ఉంటాయి. గుద్దుకుని ఒక పక్క రైలు (ఫ్రేమ్ పొడుగునా ఉండే ఇనుప దూలం) 5 మిల్లీమీటర్లు లోపలికి పోయిందనుకోండి, ఆ పక్క నాలుగు షిమ్ములు ఎక్కువ వేస్తే కాంబర్ (చక్రం నిలువులో వాలు) కుదిరిపోతుంది. వెనక చక్రాన్ని ముందూ వెనకా కదలకుండా పట్టే రేడియస్ ఆర్మ్ బ్రాకెట్ దగ్గరా షిమ్ములే, అక్కడ టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సర్దుతారు. స్టీరింగు నుంచి చక్రానికి పోయే టై రాడ్డు ఒక పక్క పొడుగ్గా, ఇంకో పక్క పొట్టిగా తిప్పితే ముందు టో కూడా దారికొస్తుంది. షీటు పచ్చబడుతుంది. బండి మాత్రం ఎడమకి తిరిగినట్టు కుడికి తిరగదు, బ్రేకు గట్టిగా తొక్కితే పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది.

అందుకే షీటు అడిగే ముందు బండి కింద పడుకుని షిమ్ములు లెక్కపెట్టండి. యాభై, అరవై ఏళ్ల బండికి ఎడమ కుడి ఒక షిమ్ము తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. మూడు, నాలుగు తేడా ఉంటే ఎందుకని అడగాలి. టై రాడ్డు చివర బయటికి కనిపించే థ్రెడ్లు కూడా రెండు పక్కలా ఇంచుమించు సమానంగా ఉండాలి.

డబ్బు పోయేది ఇక్కడే. షీటు నమ్మి బండి కొంటారు. టింకరింగ్, పెయింటు, క్రోమ్ అన్నీ ముగించి రోడ్డెక్కాక వంకర బయటపడుతుంది. అప్పుడు ఫ్రేమ్ లాగాలంటే బాడీ బోల్టులు విప్పాలి. లాగాక డోరు గ్యాపులు మారిపోతాయి, కొత్త పెయింటు అంచుల్లో పగులుతుంది, టింకరింగ్ మళ్లీ మొదటికొస్తుంది. ఫ్రేమ్ కొలవకుండా పెయింటుకి అడ్వాన్సు ఇవ్వకండి.

కొలవడానికి ఫ్రేమ్ బిగించే పెద్ద బెంచీ అక్కర్లేదు. సిమెంటు గచ్చు, నాలుగు స్టాండ్లు, తూకం గుండు (దారానికి వేలాడదీసి నిలువు చూసేది), సుద్దముక్క, స్టీలు టేపు, మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల ట్యూబు ఉంటే చాలు. టైర్లలో గాలి, స్ప్రింగుల అలసట లెక్కలోకి రాకుండా బండిని ఫ్రేమ్ దగ్గరే స్టాండ్ల మీద నిలబెట్టండి. రెండు పక్కలా జతగా ఉండే చోట్లు కనీసం ఆరు ఎంచుకోండి: ముందు క్రాస్ మెంబర్ (రైళ్లను కలిపే అడ్డ దూలం) రంధ్రాలు, విష్‌బోన్ మౌంట్లు, బాడీ మౌంట్ రంధ్రాలు, వెనక సస్పెన్షన్ బ్రాకెట్లు. ప్రతి చోటు నుంచి గుండు దించి, ఊగడం ఆగాక నేల మీద గుర్తు పెట్టి పేరు రాయండి. బండి పక్కకి తోసేస్తే ఫ్రేమ్ బొమ్మ నేల మీద మిగులుతుంది.

ఒక్కో జత మధ్య బిందువు గుర్తించి, నడిమి రెండు జతల మధ్య బిందువుల మీదుగా ముందుకీ వెనక్కీ దారం లాగండి. మిగతా మధ్య బిందువులన్నీ దారం మీద పడాలి. ముందువి మాత్రమే పక్కకి జరిగితే ముందు రైళ్లు పక్కకి వంగాయి. తర్వాత మూల నుంచి మూలకి కొలవండి. నులక మంచం పట్టెలు పక్కకి వాలితే ఒక మూల కొలత పెరిగి ఇంకోటి తగ్గినట్టే, ఒక రైలు వెనక్కి జరిగిన ఫ్రేమ్‌లోనూ తగ్గుతుంది, పెరుగుతుంది. 3 మిల్లీమీటర్ల లోపు తేడా మామూలే. 6 దాటితే గుండు మళ్లీ దించి కొలవండి. మళ్లీ అంతే వస్తే అది వంకరే.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రెండు రైళ్లూ ఒకేలా కిందికి కుంగినా, ఫ్రేమ్ మెలి తిరిగినా మూల కొలతలు దాదాపు సమానంగానే వస్తాయి. వాటికి ఎత్తులు చూడాలి. ముందు జతని జాకీతో సర్ది నీళ్ల ట్యూబుతో సరిగ్గా మట్టానికి తేండి. అప్పుడు వెనక జత కూడా మట్టంగా ఉండాలి, లేకపోతే మెలి ఉన్నట్టే. కుంగు కోసం ట్యూబు మట్టం నుంచి ప్రతి చోటు ఎంత ఎత్తో రాసి ఎడమ కుడి పోల్చండి, కంపెనీ మాన్యువల్లో ఫ్రేమ్ కొలతల బొమ్మ ఉంటే దాంతోనూ పోల్చండి. గచ్చు కొంచెం వాలుగా ఉన్నా మూల కొలతలు పెద్దగా చెడవు. ఎత్తులకి మాత్రం నేలను నమ్మకండి. ట్యూబులో గాలి బుడగ ఉంటే దాన్నీ నమ్మకండి.

ఎంజీబీకి విడి ఫ్రేమ్ ఉండదు, బాడీయే ఛాసీ. కొలిచే పద్ధతి ఇదే కానీ లాగే పద్ధతి వేరు. కింద చెప్పేది విడి ఫ్రేమ్ ఉన్న బండ్ల గురించి.

అపోహ: ఛాసీ వంగితే బండి స్క్రాపే.

అప్పటి ఫ్రేమ్‌లు మెత్తని ఉక్కు. వంగితే లాగొచ్చు, మడత పడితే ఆ ముక్క కోసి మార్చాలి. ఇదే ముఖ్యమైన తేడా. లాగే ముందు బాడీ బోల్టులు వదులు చేయాలి, ఫ్రేమ్‌ని కనీసం నాలుగు చోట్ల బిగించాలి. దెబ్బ వచ్చిన దిక్కుకి ఎదురు దిక్కులో, చివర పడిన వంకరని ముందుగా తీస్తూ పోవాలి. లాగిన ఇనుము కొంత వెనక్కి వస్తుంది కాబట్టి కావలసిన దానికన్నా కాస్త ఎక్కువ లాగి, ఆ బిగువులోనే వంకర చుట్టూ సుత్తితో తట్టి, వదిలి, కొలవాలి. ఒక్క ఊపులో లాగేసేవాడి దగ్గర బండి వదలకండి. చైనుకి చింతచెట్టు, ఇంకో పక్క లారీ, ఇదీ కొన్ని చోట్ల పద్ధతి. చైను తెగితే ఎదురుగా ఉన్నవాడి ప్రాణం పోతుంది. చైను మీద బరువైన దుప్పటి వేయమనండి, దాని వరుసలో ఎవరూ నిలబడకూడదు.

అపోహ: ఎర్రగా కాల్చి వంచితే త్వరగా అయిపోతుంది.

త్వరగానే అవుతుంది. మెత్తని ఉక్కుకి కొద్ది వేడి తప్పు కాదు, సుమారు 650 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు. ఉష్ణోగ్రత చూపే క్రేయాన్లు దొరుకుతాయి, వాడమనండి. కాల్చిన చోట నీళ్లు పోస్తే పని చెడినట్టే.

అపోహ: పగులు మీద ప్లేటు వేసి వెల్డింగ్ కొడితే ముందుకన్నా గట్టి.

పగులు చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయకపోతే ప్లేటు కిందే అది పాకుతుంది. ప్లేటు అంచు రైలుకి అడ్డంగా నిటారుగా ఉంటే కొత్త పగులు సరిగ్గా ఆ అంచునే మొదలవుతుంది. చివరలు కోసుగా ఉండాలి. ముక్కలు ముక్కలుగా, పక్కలు మార్చుకుంటూ వెల్డ్ చేయాలి, ఫ్రేమ్ బిగించి ఉండగానే. పెట్రోలు ట్యాంకు తీయడం, బ్యాటరీ విప్పడం మరిచిపోకండి.

అసలు శత్రువు చెన్నైలో తుప్పు. సముద్రపు గాలి ఒకటి, 2015 డిసెంబరు వరదలు ఇంకోటి. పెట్టెలా ఉండే రైళ్లలో చేరిన బురద లోపలి నుంచి తినేస్తుంది, బయట నల్ల పెయింటు నిగనిగలాడుతుంటుంది. ట్రయంఫ్ టీఆర్ 6 అయితే వెనక చక్రాలను మోసే ట్రైలింగ్ ఆర్ములు పట్టుకునే చోట ఉండే ప్లేట్లు, డిఫరెన్షియల్ మౌంట్లు తప్పకుండా చూడాలి. మౌంట్లలో పగుళ్లు మామూలే. చిన్న సుత్తితో తట్టి శబ్దం వినండి, స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి. తుప్పు పట్టిన రైలుని లాగితే వంకర పోదు, రైలు చిరుగుతుంది.

అపోహ: బండి పక్కకి లాగుతోందంటే ఛాసీ పోయినట్టే.

రాత్రిళ్లు నిద్ర మానేసేవాళ్ల కోసం ఇది. ముందు గాలి చూడండి. ముందు టైర్లు ఎడమ కుడి మార్చండి, లాగే దిక్కు మారితే దోషం టైరుది. జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పండి, బ్రేకు పట్టేస్తోందేమో తెలుస్తుంది. తర్వాత రబ్బరు బుష్షులు, స్ప్రింగు ఎత్తులు. ఇవన్నీ బాగుంటేనే తూకం గుండు తీసి ఫ్రేమ్ కొలవండి.

అపోహ: చెన్నై పాత సామాన్ల బజారు పుదుపేటలో హెరాల్డ్ ఫ్రేమ్ కొని స్పిట్‌ఫైర్‌కి వేసేయొచ్చు.

రెండూ ఒకే కుటుంబం కాబట్టి ముందు సస్పెన్షన్ భాగాలు చాలా వరకు కలుస్తాయి. ఫ్రేమ్ కలవదు. హెరాల్డ్ వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 91.5 అంగుళాలు, స్పిట్‌ఫైర్‌ది 83. పైగా స్పిట్‌ఫైర్ ఫ్రేమ్‌కి బయటి రైళ్లు లేవు, ఆ బలం బాడీ సిల్లులే (డోర్ల కింద పొడుగునా ఉండే భాగాలు) ఇస్తాయి. సిల్లు తుప్పు పట్టిన స్పిట్‌ఫైర్ ఫ్రేమ్ నిక్కచ్చిగా ఉన్నా మధ్యలో కుంగుతుంది.

ఫ్రేమ్ మార్చాల్సే వస్తే ఆర్టీవో సంగతి ముందు తేల్చుకోండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చే మార్పు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కిందికి వస్తుంది. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అందుకే దెబ్బతిన్న ముక్క వరకే మార్పించుకోండి. పని మొదలుపెట్టే ముందు ఛాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసి, ఫోటోలతో పాటు దాచుకోండి. ఆ నంబరున్న చోటికి గ్రైండరు, టార్చి రాకూడదని షెడ్డు మేస్త్రీకి నోటితో చెప్పి ఊరుకోకుండా ఆ చుట్టూ టేపు అంటించి రాసి పెట్టండి.