ఒక్క పాట బ్యాండ్లు: అపోహలు, వాస్తవాలు

ఠాకురాణి అమ్మవారి జాతర రోజుల్లో ఒడిశా బరంపురం వీధుల్లో మెలోడీ కడితే (ఇక్కడ ఆర్కెస్ట్రాని మెలోడీ అనే అంటారు) చీటీలు మూడు భాషల పాటలకి వస్తాయి: ఒరియా, తెలుగు, హిందీ. మధ్యలో కుర్రాళ్ళెవరో స్టేజీ దగ్గరికొచ్చి, చీటీ లేకుండా నోటితోనే "దిరి డీ డీ, దిరి డీ డీ డీ" అని పాడి చూపిస్తారు. అది స్వీడన్ బ్యాండ్ యూరప్ 1986లో తెచ్చిన 'ది ఫైనల్ కౌంట్‌డౌన్' మొదట్లో వచ్చే కీబోర్డు ముక్క. ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నాను. ప్రోగ్రాం అయ్యాక వైర్లు చుడుతుంటే ఎవరో ఒకరు అంటారు, "పాపం, వాళ్ళకి ఆ ఒక్క పాటేనట కదా మాస్టారూ" అని. ఆ "పాపం" అనే మాట నాకు గుచ్చుకుంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: యూరప్‌కి ఆ ఒక్క పాటే ఆడింది.

వాస్తవం: ఏ పాట ఎంత ఆడుతోందో వారం వారం లెక్కకట్టే అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 'ఫైనల్ కౌంట్‌డౌన్' 8వ స్థానం దాకా వెళ్ళింది. అదే ఆల్బమ్‌లోని నెమ్మది పాట 'క్యారీ' 1987లో 3వ స్థానానికి ఎక్కింది. అంటే అక్కడ పెద్ద హిట్ ఏదో, దాన్నే మనం మరిచిపోయాం. కారణం నాకు వాయిస్తుంటేనే తెలిసింది. 'క్యారీ' మనసుకి పట్టాలంటే మాటలు అర్థం కావాలి. 'ఫైనల్ కౌంట్‌డౌన్'కి భాషే అక్కర్లేదు, కూనిరాగం తీయడం వస్తే చాలు. ఆ కీబోర్డు ముక్కని యూరప్ గాయకుడు జోయ్ టెంపెస్ట్ ఎప్పుడో తట్టినప్పుడు కట్టుకుని, ఏళ్ళ తరబడి పక్కన పెట్టుకున్నాడు.

అపోహ: ఒక్క హిట్ అంటే లోకమంతటా ఒక్కటే.

వాస్తవం: లెక్క పెట్టేవాడు ఏ ఊళ్ళో కూర్చున్నాడన్నదే ఇందులో అసలు సంగతి. నార్వే బ్యాండ్ ఆ-హాని అమెరికా వాళ్ళు 1985 నాటి 'టేక్ ఆన్ మీ'తోనే గుర్తుపెట్టుకున్నారు. బ్రిటన్‌లో ఆ పాట రెండో స్థానంలోనే ఆగింది. తర్వాతి పాట 'ది సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టీవీ' అక్కడ 1986 జనవరిలో మొదటి స్థానం కొట్టింది. బ్రిటన్ బ్యాండ్ డెక్సీస్ మిడ్‌నైట్ రన్నర్స్ సంగతీ ఇంతే. అమెరికాకి 'కమాన్ ఐలీన్' ఒక్కటే తెలుసు, బ్రిటన్‌లో 1980లోనే 'జీనో' మొదటి స్థానంలో ఉంది.

సరిహద్దులో బతికే మనకి ఇది కొత్త కాదు. ఇచ్ఛాపురంలో ఈలలు వేయించిన తెలుగు పాట, పాతిక కిలోమీటర్లు ఇవతల బరంపురంలో మన వీధి దాటితే ఎవరికీ తెలియదు. మా మెలోడీలో ఒక గాయని ఉంది. ఒరియా వాళ్ళు ఆమెని ఒక పాటతో గుర్తుపడతారు, పర్లాకిమిడిలో తెలుగు వాళ్ళు ఇంకో పాటతో. రెండు ఊళ్ళవాళ్ళూ ఆమెకి అదొక్కటే వచ్చనుకుంటారు. ఆమె నోట్‌బుక్కులో మూడు వందల పాటలున్నాయి.

అపోహ: ఒక్క హిట్‌తో ఆగిందంటే ఆ బ్యాండ్‌లో సరుకు లేదు.

వాస్తవం: అమెరికా టాప్ 40 లెక్కనే పట్టుకుంటే గిటార్ దిగ్గజం జిమీ హెండ్రిక్స్‌దీ ఒక్క పాటే: 1968లో 20వ స్థానానికి వెళ్ళిన 'ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్'. అదీ బాబ్ డిలన్ రాసింది. అమెరికా రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ 1965లో మొదలైంది. వాళ్ళ ఏకైక టాప్ 40 పాట 'టచ్ ఆఫ్ గ్రే' 1987లో వచ్చింది. ఆ ఇరవై రెండేళ్ళూ వాళ్ళు కచేరీలతో జనాన్ని నింపుకుంటూనే ఉన్నారు. ఈ పట్టిక విడి పాటల్ని లెక్కపెడుతుంది, రాత్రంతా వాయించిన కచేరీని లెక్కపెట్టదు.

అపోహ: ఒక్క పాట ఆడితే చాలు, బ్యాండ్ అంతా జీవితాంతం కూర్చుని తినొచ్చు.

వాస్తవం: పాట ఎవరి పేరు మీద నమోదైందో వాళ్ళకే ఆ రాబడి. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వస్తే రాసినవాళ్ళకి డబ్బు వెళ్తుంది, పాడి వాయించినవాళ్ళకి వెళ్ళదు. బ్రిటన్ బ్యాండ్ ది వెర్వ్ 1997లో 'బిట్టర్ స్వీట్ సింఫనీ' చేసింది. అందులో రోలింగ్ స్టోన్స్ పాటకి చేసిన ఆర్కెస్ట్రా రూపంలోంచి ఒక ముక్క వాడారు. గొడవ ముదిరి రచన హక్కులన్నీ అటు పోయాయి. మాటలు రాసిన రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్‌కి హక్కులు తిరిగొచ్చింది 2019లో, ఇరవై రెండేళ్ళ తర్వాత.

కీబోర్డువాణ్ణి గనుక నన్ను ఇంకా కదిలించేది మాథ్యూ ఫిషర్ కథ. బ్రిటన్ బ్యాండ్ ప్రోకోల్ హారమ్ 1967లో చేసిన 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' వినండి. మాటలు మొదలవకముందే హామండ్ ఆర్గాన్ అనే కీబోర్డు వాద్యం మీద, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారుడు బాఖ్ ఛాయలో ఒక రాగం సాగుతుంది. ఆ రాగం తీసేస్తే పాట పోల్చుకోలేం. వాయించింది ఫిషర్. రచయితలుగా మాత్రం గ్యారీ బ్రూకర్, కీత్ రీడ్ పేర్లే ఉండేవి. ఫిషర్ 2005లో కోర్టుకెళ్ళాడు. 2006లో కోర్టు సంగీతంలో 40 శాతం వాటా ఇచ్చింది. 2008లో అప్పీలు కోర్టు పేరు ఉంచి డబ్బు కాదంది. 2009లో అప్పటి పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు వాటా మళ్ళీ నిలబెట్టారు. అదీ గడిచిన నలభై ఏళ్ళకి కాదు, దావా వేసిన దగ్గర్నుంచి వచ్చే రాబడికే.

నేనూ ఒకసారి ఒక ఒరియా ఆల్బమ్‌కి పల్లవి ముందు వచ్చే బిట్టు కట్టాను. ఇప్పటికీ ఊరేగింపుల్లో ఆ బిట్టే మోగుతుంది. అట్ట మీద నా పేరు లేదు, కాగితం రాయించుకోలేదు. కుర్రాళ్ళూ, రిహార్సల్‌లో మీరు కట్టిన బిట్టు ఎవరిదో ఆ రోజే కాగితమ్మీద రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించండి. ఫోన్లో రికార్డు చేసి తేదీతో దాచండి. దీనికి మొహమాటం వద్దు.

అపోహ: అలాంటి పాట అదృష్టం కొద్దీ రాత్రికి రాత్రి తగులుతుంది.

వాస్తవం: 'టేక్ ఆన్ మీ' 1984లో బ్రిటన్‌లో ఆడలేదు. మళ్ళీ రికార్డు చేసి, పెన్సిల్ బొమ్మల వీడియో తీశాకే నిలబడింది. 'టబ్‌థంపింగ్' 1997లో ఆడే నాటికి దాన్ని చేసిన బ్రిటన్ బ్యాండ్ చంబావాంబా పుట్టి పదిహేనేళ్ళు.

అపోహ: బ్యాండ్ ఆగితే మనుషులూ ఆగిపోతారు.

వాస్తవం: హిందీ పాప్ బ్యాండ్ సిల్క్ రూట్‌ని 1998 నాటి 'డూబా డూబా'తో తలుచుకుంటాం. ఆ గొంతు మోహిత్ చౌహాన్‌ది. తర్వాత హిందీ సినిమాల్లో అతను పాడినవి మా మెలోడీలో ఇప్పటికీ చీటీల మీద వస్తున్నాయి.

వచ్చే జాతరకి 'క్యారీ' సిద్ధం చేస్తున్నాం. పాడే కుర్రాడు గుణుపురం వాడు, పై స్థాయి బాగా అందుకుంటాడు. చీటీ మీద ఆ పేరు రాయండి, తప్పకుండా వాయిస్తాం.