స్టార్ట్ కాని ప్రతి పికప్‌కూ ఈసీఎం పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

బీఎస్‌-4 కాలుష్య ప్రమాణాలు హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో 2010లోనే వచ్చాయి. దేశమంతటా తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్ 1 నుంచి. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 వచ్చేదాకా అమ్ముడైన కామన్‌రైల్ డీజిల్ పికప్‌లకు ఇప్పుడు వయసు మీద పడుతోంది. బొలెరో ట్రాలీలు, టాటా పికప్‌లు ఏ ఆటోనగర్‌కు వెళ్లినా వరుసగా కనిపిస్తాయి. వీటికి ముందున్న డీఐ బండ్లలో మెకానికల్ పంపు ఉండేది. సెల్ఫ్ తిరిగి, డీజిల్ అంది, కంప్రెషన్ ఉంటే చాలు, ఇంజన్ అందుకునేది. కామన్‌రైల్‌లో అలా కాదు. అందులో డీజిల్ అధిక ఒత్తిడితో ఒకే గొట్టంలో, అంటే రైల్‌లో, నిలిచి ఉండి ఇంజెక్టర్లకు వెళ్తుంది. పక్కనున్న అల్యూమినియం డబ్బా, అంటే ఈసీఎం (ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్), ఆర్డర్ ఇస్తే తప్ప సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకోదు. అందుకే బండి మొరాయించగానే వేలు దాని వైపే వెళ్తుంది.

నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. ‘ఈసీఎం మార్చాలన్నారండీ’ అని నా దగ్గరికి వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి ఆ డబ్బా నిక్షేపంగా ఉంటుంది. కిస్తీ కట్టుకుంటూ, రోజు కిరాయి మీద బతికే మనిషి చేత అవసరం లేని బాక్స్ కొనిపిస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఓనర్లూ, కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్లూ చదువుతారని ఇది రాస్తున్నాను.

అపోహ: ‘స్కానర్ కనెక్ట్ కావట్లేదంటే ఈసీఎం చచ్చిపోయినట్టే’

ఈసీఎం మాట్లాడకపోవడానికి అది చచ్చిపోవడం చివరి కారణం. ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌ను పెట్టే ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్‌కు బ్యాటరీ ప్లస్, 4, 5 పిన్‌లకు ఎర్త్ రావాలి. స్కానరే వెలగకపోతే ఫ్యూజ్ చూడండి, ఈసీఎంతో పనిలేదు. స్కానర్ వెలిగినా అవతలి నుంచి జవాబు లేకపోతే, బ్యాటరీ టెర్మినల్ తీసేసి 6, 14 పిన్‌ల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలవండి. 60 దగ్గర చూపిస్తే కమ్యూనికేషన్ వైర్లు సరిగా ఉన్నట్టు. 120 వస్తే లైన్‌లో ఎక్కడో ఒకవైపు తెగింది. సున్నాకు దగ్గరైతే రెండు వైర్లు కలిసిపోయాయి. ఎలుకలు కొరికిన బండ్లలో ఇది మామూలే.

తర్వాత ఈసీఎం కప్లర్ దగ్గరే నిలబడి మూడు విషయాలు తేల్చుకోవాలి. ఎప్పుడూ ఉండాల్సిన ప్లస్ ఉందా, కీ ఆన్ చేస్తే రావాల్సిన ప్లస్ వస్తోందా, ఎర్త్ గట్టిగా ఉందా. ఈసీఎంకు కరెంటు అందించే మెయిన్ రిలే కాళ్లు నల్లబడి ఉన్నా ఈసీఎం లేవదు. కీ ఆన్ చేయగానే డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైట్ వెలగకపోతే ఈసీఎం ఇంకా నిద్ర లేవలేదని గుర్తు. అప్పుడు ముందు అనుమానించాల్సింది దానికి అందే కరెంటునే.

సెన్సర్లకు ఈసీఎం ఇచ్చే 5 వోల్టుల లైన్ ఇంకొకటి. ఒక్క ప్రెషర్ సెన్సర్ లోపల షార్ట్ అయినా, దాని వైర్ ఇంజన్ బ్లాక్‌కు ఒరుసుకుని తొక్క పోయినా, అదే లైన్ మీద ఉన్న మిగతా సెన్సర్లన్నీ పడిపోతాయి. కోడ్‌లు కుప్పగా వస్తాయి. అన్ని కోడ్‌లు చూసి ‘బాక్సే పోయింది’ అనేస్తారు. సెన్సర్ కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ మీటర్ చూడండి. దేన్ని పీకినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో అదే దొంగ.

ఇక ఎర్త్ సంగతి. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. కైకలూరు వైపు నుంచి చేపలు తోలే ఒక పికప్ వచ్చింది. పొద్దున్నే స్టార్ట్ కాదు, ఎండెక్కాక స్టార్ట్ అవుతుంది. రెండు చోట్ల చూపిస్తే రెండు చోట్లా ఈసీఎం అన్నారట. ‘అన్నా, అంత డబ్బు పెట్టే బదులు బండి అమ్మేస్తే పోలా’ అన్నాడు ఆ కుర్రాడు. బ్యాటరీ చూస్తే 12.5, బాగానే ఉంది. మీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ పోస్ట్ మీద, రెండోది ఛాసిస్ మీద ఎర్త్ బోల్ట్ పక్కన గీకిన ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. అక్కడ 0.2 వోల్టులు దాటకూడదు. 1.8 చూపించింది. సెల్ఫ్ లాగేటప్పుడు బ్యాటరీ ఎలాగూ పది దగ్గరికి దిగుతుంది. అందులోంచి ఇంకో 1.8 పోతే ఈసీఎంకు మిగిలేది ఎనిమిది చిల్లర. అది ఆఫ్ అవుతూ ఆన్ అవుతూ ఉంటే ఇంజెక్టర్లకు ఆర్డర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ ఎర్త్ కేబుల్ పైకి కొత్తదానిలా ఉంది. లగ్ దగ్గర తొక్క కోసి చూస్తే రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, వేలితో నలిపితే పొడి అయిపోయాయి. ట్రేల కింద నుంచి కారే ఐసు నీళ్లు ఛాసిస్ మీదుగా అక్కడికే చేరుతున్నాయి. పొద్దున ఇంజన్ చల్లగా ఉండి సెల్ఫ్ ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఆ దెబ్బ పొద్దునే తగులుతోంది. కొత్త కేబుల్ వేసి, బోల్ట్ కింద పెయింట్ గీకి, పైన పెట్రోలియం జెల్లీ పూశాం. మర్నాడు పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

ఈ లోపం ఓమ్స్‌లో పెట్టి చూస్తే దొరకదు. ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటర్ ‘కంటిన్యుటీ ఉంది’ అని కూత పెడుతుంది. లోడ్ మీద, అంటే సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు వోల్టేజ్ కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

అపోహ: ‘స్కానర్‌లో ఈసీఎం కోడ్ పడింది, ఇంకేం చూడాలి?’

పీ0606 అంటే కంట్రోల్ మాడ్యూల్ ప్రాసెసర్ లోపం, నిజమే. కానీ బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టినా ఒక్కోసారి ఈ కోడ్ పడుతుంది. పక్కనే పీ0562, అంటే లో వోల్టేజ్ కోడ్, ఉందేమో చూడండి. బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసి, కోడ్‌లు క్లియర్ చేసి, మళ్లీ నడిపి చూడండి. తిరిగి అదే కోడ్ ఒంటరిగా వస్తే అప్పుడు అనుమానించాలి. పీ0335 అయితే ఇంజన్ తిరగడాన్ని ఈసీఎంకు చెప్పే క్రాంక్ సెన్సర్ లైన్, పీ0087 అయితే రైల్ ప్రెషర్ సరిపోవట్లేదు. ఈ రెంటికీ బాక్స్ మార్చడం మందు కాదు. సెల్ఫ్ కొడుతూ లైవ్ డేటా చూడండి. ఆర్‌పీఎం కనిపిస్తోందా, రైల్ ప్రెషర్ రెండొందల బార్ చుట్టుపక్కలకు ఎక్కుతోందా? ఆర్‌పీఎం సున్నా చూపిస్తుంటే ఇంజన్ తిరుగుతోందని ఈసీఎంకు తెలియనే తెలియదు.

అపోహ: ‘బ్యాటరీ పది నిమిషాలు తీసి పెడితే ఈసీఎం రీసెట్ అయి సరిపోతుంది’

లోపం పోదు, సాక్ష్యం మాత్రం చెరిగిపోవచ్చు. కోడ్‌లు రాసుకోకుండా టెర్మినల్ ముట్టుకోకండి.

అపోహ: ‘సెకండ్‌హ్యాండ్ బాక్స్ తెచ్చి కప్లర్ పెడితే బండి వెళ్లిపోతుంది’

పై పరీక్షలన్నీ అయ్యాక నిజంగానే ఈసీఎం పోయిందని తేలిందనుకుందాం. ఓనర్ ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. డబ్బా ఆకారం ఒకటే, కప్లర్ ఒకటే, కంపెనీ ఒకటే అయినా లోపలి సాఫ్ట్‌వేర్ వేరే ఉండొచ్చు. అదే ఇంజన్‌ను వేర్వేరు మోడళ్లలో వేర్వేరు పవర్‌తో ఇస్తారు. అందుకే స్టిక్కర్ మీద పార్ట్ నంబర్, హార్డ్‌వేర్ నంబర్ ప్రతి అక్షరం కలవాలి.

నంబర్ కలిసినా ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకుండా ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న బండిలో తాళంలోని చిప్‌ను పాత ఈసీఎం గుర్తుపెట్టుకుని ఉంటుంది. వేరే బండి నుంచి తెచ్చిన ఈసీఎంకు మీ తాళం పరాయిది. సెల్ఫ్ తిరిగినా ఇంజన్ అందుకోదు, లేదా అందుకుని వెంటనే ఆగిపోతుంది.

ఇంజెక్టర్ కోడ్‌లది ఇంకో కథ. ప్రతి ఇంజెక్టర్ తల మీద అక్షరాలు, అంకెలతో ఒక కోడ్ చెక్కి ఉంటుంది. తయారీలో ఒక్కో ఇంజెక్టర్ కొట్టే డీజిల్‌లో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. దాన్ని ఈసీఎం సరిదిద్దుకోవడానికే ఆ కోడ్. వేరే బండి కోడ్‌లతో నడిపితే బండి నడుస్తుంది కానీ ఐడిల్‌లో ఊగుతుంది, పొగ, నాక్ వస్తాయి. ఓనర్ మళ్లీ ‘ఇంజెక్టర్లు పోయాయా’ అని పరుగెడతాడు. ఈసీఎం పని మొదలుపెట్టకముందే నాలుగు ఇంజెక్టర్ల కోడ్‌లూ సిలిండర్ వరుసలో ఫోటో తీసి పెట్టుకోండి.

పనికొచ్చే దారులు రెండు. కొత్త ఈసీఎం కొంటే మీ బండి నంబర్లతో ప్రోగ్రామ్ చేయించి, తాళాలు, ఇంజెక్టర్ కోడ్‌లు ఎక్కించాలి. లేదా అదే హార్డ్‌వేర్ నంబర్ ఉన్న పాత బాక్స్ తెచ్చి, మీ బాక్స్‌లోని మెమరీ మొత్తం దాంట్లోకి కాపీ చేయించాలి. దీన్నే క్లోనింగ్ అంటారు. క్లోనింగ్‌కు మీ పాత బాక్స్ కావాలి. కాబట్టి చచ్చిపోయిందనుకున్న బాక్స్‌ను ఎక్స్‌చేంజ్ కింద ఎవరికీ ఇచ్చేయకండి. ఇంజెక్టర్లను నడిపే భాగం కాలిపోయినా చాలాసార్లు మెమరీ బతికే ఉంటుంది.

ప్రోగ్రామింగ్ జరిగేటప్పుడు బండికి స్థిరమైన పవర్ సప్లై పెట్టారా అని అడగండి. సగంలో వోల్టేజ్ పడిపోతే బాగున్న ఈసీఎం కూడా మూగబోతుంది. ‘ఇమ్మొబిలైజర్ తీసేస్తాం, గొడవ ఉండదు’ అనే మాటకు మాత్రం ఒప్పుకోకండి. అది మీ బండికున్న తాళాన్ని పీకేయడమే. పాత బాక్స్ కొంటే బిల్లు తీసుకోండి, అది ఏ దొంగ బండిలోదో మనకు తెలియదు.

అపోహ: ‘కొత్త బాక్స్ పెట్టేశాం, ఇక టెన్షన్ లేదు’

పాతదాన్ని ఏది చంపిందో తెలియకుండా కొత్తది పెడితే అది కూడా అదే దారిలో పోతుంది. సోలినాయిడ్ ఇంజెక్టర్ కాయిల్ మామూలుగా ఒక ఓమ్ కంటే తక్కువే ఉంటుంది, అందుకే అంకె కంటే నాలుగింటినీ పోల్చి చూడటం ముఖ్యం. కాయిల్ పిన్ నుంచి బాడీకి మాత్రం కంటిన్యుటీ అసలు ఉండకూడదు. ఉంటే ఆ ఇంజెక్టర్ మార్చకుండా కొత్త ఈసీఎం తగిలించకండి. డైనమో ఛార్జింగ్ 14 వోల్టుల చుట్టూ ఉండాలి. 15 దాటుతుంటే రెగ్యులేటర్ పోయింది.

ఇంజెక్టర్‌ను తెరవడానికి ఈసీఎం బ్యాటరీ వోల్టేజ్‌ను కొన్ని పదుల వోల్టులకు పెంచి పంపుతుంది. నడుస్తున్న ఇంజన్ మీద ఇంజెక్టర్ కప్లర్ పీకి ‘ఏ సిలిండర్ కొట్టట్లేదో’ చూడటం, అక్కడ టెస్ట్ ల్యాంప్ గుచ్చడం డ్రైవర్ సర్క్యూట్‌కు హాని. మీకూ షాక్ కొడుతుంది.

మన దగ్గర ఈసీఎంలను చంపే అలవాట్లు ఇంకో మూడు ఉన్నాయి. బ్యాటరీ దిగిపోతే పక్కనున్న లారీ నుంచి కేబుల్ లాగుతారు. లారీది 24 వోల్టుల వ్యవస్థ, పికప్‌ది 12. రెండోది, ఛార్జింగ్ చూడటానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకడం. మెకానికల్ పంపు రోజుల్లో ఇది చెల్లింది. బ్యాటరీ లేని ఆ క్షణంలో డైనమో వోల్టేజ్ ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగురుతుంది, దాన్ని మింగేది ఈసీఎమే. మూడోది వెల్డింగ్. ట్రాలీకి పైన రాడ్లు కట్టించేటప్పుడు బ్యాటరీ రెండు టెర్మినల్స్, ఈసీఎం కప్లర్లు తీయించండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంప్‌ను బంపర్‌కు కాకుండా వెల్డ్ చేసే చోటికి పక్కనే పెట్టమనండి. ఐదు నిమిషాల పని.

అపోహ: ‘నీళ్లు పోకుండా చుట్టూ సిలికాన్ పూసేస్తే భద్రం’

చాలా ఈసీఎంలకు లోపలి గాలి ఒత్తిడి సర్దుకోవడానికి సన్నని పొరతో ఒక రంధ్రం ఉంటుంది. చాలా డీజిల్ ఈసీఎంలలో బయటి వాతావరణ పీడనం కొలిచే సెన్సర్ కూడా లోపలే ఉంటుంది. ఆ రంధ్రం పూడ్చేస్తే వేడి డబ్బా చల్లబడేటప్పుడు కప్లర్ సందుల్లోంచి తేమను లోపలికి పీలుస్తుంది. కప్లర్ రబ్బరు సీళ్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి, సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ అటు పెట్టనీయకండి, చాలు.

అపోహ: ‘ఈసీఎంను రిపేర్ చేయలేరు’

చేయగలరు, కొన్ని లోపాలను. కాలిపోయిన డ్రైవర్ ట్రాన్సిస్టర్, ఉబ్బిన కెపాసిటర్, పట్టు వదిలిన సోల్డర్, ఇవి పనిమంతుడి చేతిలో బాగవుతాయి. ప్రాసెసర్ పోయినా, నీళ్లు దిగి బోర్డు పొరల మధ్య ట్రాకులు తినేసినా ఆ బోర్డు మీద డబ్బు పెట్టకండి. రిపేర్‌కు ఇచ్చేటప్పుడు డబ్బా స్టిక్కర్, బోర్డు రెండువైపులా ఫోటోలు తీసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు ఏ పార్ట్ మార్చారో, అది ఎందుకు పోయిందో అడిగి బిల్లు మీద రాయించుకోండి. ‘లోపల సెట్ చేశాం’ అని మాత్రమే చెబితే ఇంజెక్టర్లు, డైనమో ఇంకోసారి కొలిపించాకే బండికి తగిలించండి.